చుక్క పెట్టని మనిషి

శ్రీకాకుళంలో నెట్ సెంటర్ నడిపే ఆయన్ని నేనింకా క్షమించలేదు. ఎవరి దరఖాస్తయినా తన మెయిల్ నుంచే పంపి, అడ్రసు సరిచూడకుండానే "ఎల్లిపోనాదమ్మా, ఇక నడు" అనేవాడు. నా నర్సు ఉద్యోగం దరఖాస్తూ అలాగే పంపాడు. గడువు దాటినా జవాబు రాకపోయేసరికి వెళ్లి, మెయిల్ తెరవమని పట్టుబట్టాను. నా దరఖాస్తు పంపిన నిమిషానికే తిరిగొచ్చేసి ఉంది. అడ్రసులో ఒక చుక్క కొట్టలేదు.

"మరి నాకు సెప్పలేదేటి?" అన్నాను.

"ఇలాటివి రోజూ వస్తాయి. అన్నీ సూస్తూ కూకుంటానేటి?" అని నవ్వాడు.

ఆ నవ్వుకి నా ఒళ్లు మండింది. మౌస్ లాక్కుని, తిరిగొచ్చిన దరఖాస్తుల్లోని పేర్లు ఒక్కొక్కటే పైకి చదివాను. బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్లలో ఇద్దరు లేచి నిలబడ్డారు.