ఆకు మూల ఉప్పు

మొన్న కాశీబుగ్గలో ఒక పెళ్ళికి వెళ్ళాను. చల్లటి కల్యాణ మండపం, చేతులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకున్న వడ్డన మనుషులు, ఎటు చూసినా గులాబీ రంగు దీపాలు. అరిటాకు మీద నీళ్ళు చిలకరించుకుని కూర్చున్నాను. మొదట వచ్చిన మనిషి ఆకు మూల చిటికెడు ఉప్పు వేసి వెళ్ళాడు. తడి ఆకు మీద ఆ ఉప్పు నెమ్మదిగా కరగడం మొదలుపెట్టింది. అంతే, అన్నం వడ్డించినా నా చెయ్యి కదల్లేదు. పక్కనున్న మా ఆడపడుచు "ఏటి వదినా, తినకుండా ఆకుల కేసి సూత్తన్నావు?" అంది. నేను చూస్తున్నది ఆకుల్ని కాదు, చేతుల్ని. ఆ వరుసలో ఎవరైనా ఆకు మూల అరచెయ్యి అడ్డం పెడుతున్నారా అని. ఈ అలవాటు నాకు దమయంతత్త వల్ల వచ్చింది.

దమయంతత్త మాకు చుట్టం కాదు. పూండి స్టేషనుకి దగ్గరగా ఉన్న మా ఊళ్ళో, మా గోడకి ఆనుకున్న ఇల్లు ఆవిడది. నాన్న ఆవిడని "అప్పా" అని, అంటే అక్కా అని, పిలిచేవాడు కాబట్టి నాకు అత్త అయింది. ఆవిడ భర్త చిన్న వయసులోనే కిడ్నీ జబ్బుతో పోయాడు. పిల్లలు లేరు. పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళి బతికేది. మనిషి పొట్టి, గొంతు మాత్రం నాలుగిళ్ళ అవతలికి వినిపించేది. ఊళ్ళో చేతిలో డబ్బు లేని వాళ్ళెవరైనా పెళ్ళి తలపెడితే ముందు ఆవిడ గుమ్మం తొక్కేవారు. ఏ ఇంటి నుంచి ఏం అడగాలో, ఏది మానేస్తే ఎవరికీ లోటనిపించదో ఆవిడకు తెలుసు. ఎవరైనా పొగిడితే మాత్రం "ఎల్లెల్లు, పనిసూసుకో" అని కసురుకునేది.

నా పెళ్ళి కుదిరేనాటికి నాన్నకి డయాలసిస్ మొదలై చాలా కాలమైంది. వారంలో మూడు రోజులు ఆటోలో పలాస ఆసుపత్రికి వెళ్ళి రావడమే ఆయన బతుకు. పెళ్ళికొడుకు వాళ్ళది టెక్కలి. ఇంటికో కిడ్నీ రోగి ఉన్న మా ఉద్దానం పిల్లని చేసుకోవడానికి బయటివాళ్ళు వెనకాడే రోజులు కదా, నాన్న వాళ్ళకి "ఒంట్లో కాస్త నలత" అని మాత్రమే చెప్పాడు. ఆ అబద్ధాన్ని కప్పడానికి పెద్ద పెళ్ళి చెయ్యాలనుకున్నాడు. మిగిలిన జీడితోట అమ్మేసి కాశీబుగ్గలో మండపం మాట్లాడతానన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అమ్మ ఏడ్చింది. ఇద్దరి మాటా వినకపోయేసరికి నేనే వెళ్ళి దమయంతత్తని పిలుచుకొచ్చాను.

"రోగిష్టోడింట్లో పెల్లి అనిపించుకోకూడదప్పా. టెక్కలోల్లు సూసి నోరెల్లబెట్టాల" అన్నాడు నాన్న.

"నోరెల్లబెట్టి ఏటి సేత్తారు? సాయంత్రానికి మూసుకుని ఎల్లిపోతారు. తోట ఎల్లిపోనాక నీ పెల్లాం ఏటి తిని బతుకుద్ది?" అంది అత్త. ఆవిడ ఆయన మంచం పక్కన నేల మీద కూర్చుని గొంతు తగ్గించింది. నేను ఆవిడ గొంతు తగ్గించడం చూసింది అదే మొదలు. "ఒరే తమ్ముడా, నిజం సెప్పు. ఈ పెల్లిలో నీకేటి గావాల?"

నాన్న గోడ వైపు తిరిగి చెప్పాడు. "నానూ అందరితోపాటు పంక్తిలో కూకుని తినాలప్పా. నా పిల్ల పెల్లికూడు నా పందిట్లో తినాల."

జబ్బు పడ్డాక నాన్న ఏ పెళ్ళిలోనూ భోజనానికి కూర్చోలేదు. ఆయన కూర వేరే గిన్నెలో, ఉప్పు లేకుండా, ముక్కలుడికిన నీళ్ళు వంచేసి వండేది అమ్మ. పెళ్ళిళ్ళకి వెళ్తే చదివింపులు ఇచ్చేసి పందిరి నుంచే వెనక్కి తిరిగేవాడు. తింటే ఒంటికి చేటు, కూర్చుని తినకపోతే ప్రతివాడూ ఎందుకని అడుగుతాడు. ఇన్నాళ్ళూ ఆయనకి అది ఇంత లోతుగా గుచ్చుకుందని మేం ఎవరం అనుకోలేదు. అత్త లేచి చీర దులుపుకుంది. "అయితే తోట అమ్మొద్దు. పెల్లి నీ కూడు కాడ మొదలెడదాం" అంది.

మర్నాడే అత్త బస్సెక్కి టెక్కలి వెళ్ళి, నాన్న జబ్బు సంగతి ఉన్నదున్నట్టు చెప్పేసింది. తెలిసి నాన్న ఆవిడ మీద విరుచుకుపడ్డాడు. మా మామగారు మాత్రం, "ఆవిడొచ్చి సెప్పకపోతే అనుమానపడేవోల్లం. సెప్పీసినాక ఇంకేటుంది?" అన్నారట. తర్వాత పంతులుగారి దగ్గరికి నేనూ వెళ్ళాను. ఆయన రాత్రి ముహూర్తం పెట్టి, అంతకంటే మంచిది లేదన్నారు. "ఎవులికి మంచిది బాబూ? కన్యాదానం సేసీవోడు పీట మీద కూకోగలగాల కదా. ఆసుపత్రికెల్లొచ్చిన మర్నాడు పొద్దుట ఒంట్లో ఓపికుంటాది. ఆ పూట సూడండి" అంది అత్త. పంతులుగారు పంచాంగం మళ్ళీ తిప్పి పొద్దుటి ముహూర్తం ఒకటి చూపించారు.

మండపం లేదు కాబట్టి పెళ్ళి మా వాకిట్లోనే. పందిరికి ఏ ఇంటి చెట్టు నుంచి ఆ ఇంటివాళ్ళే కొబ్బరి మట్టలు కొట్టి తెచ్చి అల్లారు. సముద్రపొడ్డున ఉన్న తోటల నుంచి మొగలిపూలు వచ్చాయి. వాకిలంతా తడి ఇసక పరిచి, దాని మీద ముగ్గులేశారు. దీపాలకి అద్దె లైట్లు వద్దని, ఇంటికో ఇత్తడి కుంది అడిగి తెమ్మని అత్త నన్నే పంపింది. పెళ్ళికూతుర్ని వెళ్ళి అడుక్కోవడమేమిటని నేను గొణిగాను. "అడుక్కోడం కాదే గుంటా. అడిగితేనే ఆల్లకి నీ పెల్లి ఆల్ల పెల్లవుతాది" అంది. నిజమే, కుంది ఇచ్చిన ప్రతి ఇల్లూ చింతపండు పెట్టి దాన్ని తోమి మరీ ఇచ్చింది. పొద్దున్న పందిట్లో అవన్నీ వెలిగించినప్పుడు, మొగలిపూల వాసనలో, నా జన్మలో అంత అందమైన చోటు చూడలేదనిపించింది. ఇప్పటికీ చూడలేదు.

గొడవంతా వంట దగ్గర వచ్చింది. సొరకాయ, బీరకాయ, పల్చటి చారు, సేమ్యా పాయసం. కూరముక్కలు ఉడికించి నీళ్ళు వంచేయాలి. దేంట్లోనూ ఉప్పు వెయ్యకూడదు. వంటమనిషి గరిటె కింద పెట్టేశాడు. "ఉప్పులేని పెల్లికూర నా సేత్తో వండితే నా పేరేటవ్వాల?"

"నీ పేరు పోదులే. తప్పు నా నెత్తినేసీ" అంది అత్త.

నాన్న పీట మీద నిటారుగా కూర్చుని కన్యాదానం చేశాడు. భోజనాల దగ్గర ఆడపిల్ల తండ్రి అందరూ తిన్నాక తినడం ఆనవాయితీ. అత్త అదేం పట్టించుకోకుండా ఆయన్ని మొదటి పంక్తిలో మా మామగారి పక్కన కూర్చోబెట్టింది. ఉప్పు గిన్నె తన చేతిలోకి తీసుకుని పందిరి నడిమధ్య నిలబడి అరిచింది. "బాబూ, అమ్మా, ఈయాల కూరల్లో ఉప్పు మరిసిపోనాం. బుద్ధి నేనిదాన్ని నానే, తిడితే నన్ను తిట్టండి. గావలసినోల్లకి ఏత్తాను, కలుపుకుని తినండి."

పందిరంతా నవ్వింది. ఎవరో "దమయంతికి వయసు మీదపడింది" అన్నారు. ఆవిడ నవ్వుతూనే వరుస వెంట వెళ్ళింది. నాన్న ఆకు మూల అరచెయ్యి అడ్డం పెట్టాడు, ఆవిడ ఆగకుండా దాటిపోయింది. నేను, మా ఆయన ఎదురుగా పీటల మీద కూర్చుని ఉన్నాం, నాకు వరుసంతా కనిపిస్తోంది. నాన్న తర్వాత ఇంకో చెయ్యి. అవతల ఇంకోటి. జబ్బుందని అందరికీ తెలిసిన వాళ్ళవి కొన్ని. ఎవరికీ తెలియని వాళ్ళవి కొన్ని, కుర్రవాళ్ళవి కూడా. ఉప్పు మరిచిపోయారన్న నవ్వులో ఆ చేతుల్ని ఎవరూ గమనించలేదు. నాన్న మాత్రం ఆకు ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. మారు పెట్టించుకుని మామగారితో ఏదో చెప్పి నవ్వాడు. అమ్మ స్తంభం చాటుకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

చివరి పంక్తిలో మేమిద్దరం, పని చేసిన ఆడవాళ్ళూ కూర్చున్నాం. అత్త నా పక్కనే కూలబడింది. నాకు ఆవిడ మీద ప్రేమ పొంగుకొచ్చింది. "అందరికీ నువ్వేశావు, నీకు నేనేస్తానత్తా" అని ఉప్పు గిన్నె లాక్కున్నాను. ఆవిడ అరచెయ్యి ఆకు మూలకి వచ్చేసింది. తీద్దామనుకుంది గానీ, నేను చూసేశానని ఆవిడకి తెలిసిపోయింది.

"ఎప్పట్నించి అత్తా?"

"పెల్లికూతురివి, తల దించుకుని తిను" అంది. తర్వాత నా వైపు వంగి, ఇంకెవరికీ వినబడకుండా, "మీ నాన్నకి సెప్పకు. ఈయాల తిన్నది ఆడికి అరగాల" అంది. నేను తల దించుకునే తిన్నాను.

నేను టెక్కలి వచ్చేశాక కొంతకాలం నాన్న, అత్త ఒకే ఆటోలో పలాస వెళ్ళేవారు. దారంతా ఆవిడ ఆయన్ని ఏడిపిస్తూనే ఉండేదట. ముందు అత్త పోయింది. నాన్న ఆ తర్వాత పోయాడు. తోట ఇప్పటికీ అమ్మ పేరునే ఉంది, జీడిపిక్కలు ఏరిస్తూ అమ్మ దాని మీదే బతుకుతోంది. అత్తని చివరిసారి చూసింది ఆసుపత్రిలోనే. చెయ్యి పట్టుకుని ఇంతకాలం ఎందుకు దాచావని కోప్పడ్డాను.

"దాయనేదే తల్లీ. ఎవులూ అడగనేదు" అంది. "ప్రతీ పెల్లిలోనూ ఉప్పు నానే ఏసీదాన్ని కదా. అందరి ఆకులూ నాను సూసేను. నా ఆకు సూసినోల్లు నేరు." కొంచెం ఊపిరి తీసుకుని, "నానూ ఆ సేతులు సూసి, ఆల్ల పరువనుకుని ఊరుకున్నాను. బేగి అడిగుంటే కొందరు బతికేవోరు. నువ్వు ఊరుకోకు. అడుగు" అంది.

అందుకే మొన్న కాశీబుగ్గ పెళ్ళిలో తినకుండా కూర్చున్నాను. ఎదురు వరుసలో చిలకపచ్చ ఓణీ వేసుకున్న పిల్ల, ఇరవై ఏళ్ళుంటాయేమో, ఉప్పు వేసే మనిషి రాగానే ఆకు మూల అరచెయ్యి పెట్టింది. పక్కవాళ్ళు కబుర్లలో ఉన్నారు. నేను ఆకు మడిచి లేచి, చేతులు కడుక్కునే చోట నిలబడ్డాను. ఆ పిల్ల వచ్చి కుళాయి తిప్పింది.

"ఏ ఊరు తల్లీ మీది?" అన్నాను. చెప్పింది. మా ఊరికి పక్క ఊరే.

"ఉప్పు ఎప్పట్నించి మానేశావు?"

ఆ పిల్ల ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. కుళాయి కట్టేసి, తడి చేతులతోనే నా చెయ్యి పట్టుకుంది.