ఏ పుస్తకంలో వద్దన్నారు?

డ్రోన్ల అనుమతులు చూసే గుమాస్తా గారికి ఒక్కటే జబ్బు. ఎవరు ఏది కూడదన్నా, "ఏ పుస్తకంలో వద్దన్నారు? దేశానిదా, రాష్ట్రానిదా?" అని అడగందే వదిలేవారు కాదు. ఆ రెండు నిబంధనల పుస్తకాలూ చంకలో కవల పిల్లల్లా ఎప్పుడూ ఆయనతోనే ఉండేవి.

డాక్టరు ఉప్పు తగ్గించమంటే ఇదే ప్రశ్న. మెట్టు మీద నిలబడొద్దన్న బస్సు కండక్టరుకూ ఇదే ప్రశ్న. భార్య మాత్రం, "ఈ ఇంట్లో మూడో పుస్తకం ఉంది, అది నా నోరు" అని తేల్చేసింది.

ఎదురుబల్ల టైపిస్టుకు ఆయనంటే ఒళ్ళుమంట. పెళ్ళి ఫొటోలవాళ్ళొచ్చినా, పొలానికి మందు కొట్టేవాళ్ళొచ్చినా ఆయన ఔనో కాదో తేల్చకుండా ఆ కవలల్ని తిరగేస్తూ కూర్చునేవారు. క్యూ గుమ్మం దాటేది.

ఒక సాయంత్రం ఆఫీసు కట్టేసే వేళ ఒకావిడ పరుగున వచ్చింది. వెనకే ఫొటోగ్రాఫరు, చేతిలో డ్రోను.

"మా అమ్మకు మతిమరుపండీ. మధ్యాహ్నం నుంచి కనబడటం లేదు. చెరువవతల రెల్లుపొదల్లోకి వెళ్ళిందన్నారు. ఈయన పైనుంచి వెతుకుతానంటే, పక్కన కరెంటు కేంద్రం ఉంది, ఎగరెయ్యకూడదని పోలీసులు ఆపేశారు!"

"ఏ పుస్తకంలో వద్దన్నారు?"

టైపిస్టుకు అరికాలి మంట నెత్తికెక్కింది. "బాబాయ్ గారూ, పొద్దుగూకుతోంది! ఇప్పుడు కూడానా?"

"ఇప్పుడే అమ్మాయ్." ఆయన పుస్తకాలను వెనకనుంచి తెరిచారు. "దేశం అడ్డు చెప్పలేదు. వద్దన్నది రాష్ట్రం. వద్దన్నవాడు ఎక్కడో ఒక సందు వదిలే ఉంటాడు... ఇదిగో! తప్పిపోయిన మనిషిని వెతకడానికైతే పై అధికారి నోటిమాట చాలు."

ఫోనులో పై అధికారి రేపు చూద్దామన్నాడు.

"రేపటికి మీరుంటారు, నేనుంటాను సార్. ఆ పెద్దావిడ సంగతే చెప్పలేం."

అవతల పై అధికారి ఆ నిబంధన నంబరు అడిగి రాసుకున్నాడు. తర్వాత, "సరే, ఎగరెయ్యమనండి."

అరగంటలో పెద్దావిడ దొరికింది. మోకాటి లోతు బురదలో, క్షేమంగా.

మర్నాడు టైపిస్టు ఆ పుస్తకాలు తెరిచి చూసింది. నిషేధాల పేజీలు కొత్తనోట్లలా ఉన్నాయి. మినహాయింపుల పేజీలే నలిగి, మూలలు చిరిగాయి. అంచుల్లో ఆయన రాత: 'మందు కొట్టే అబ్బాయికి', 'పెళ్ళి ఫొటోలకు'. వచ్చినవాళ్ళను ఉత్త చేతులతో పంపలేకే ఆయన ఇన్నేళ్ళూ క్యూ పెంచారు.

అంతలో పెద్దావిడే కూతురి చెయ్యి పట్టుకుని దిగింది.

"నిన్న నా నెత్తిమీద తుమ్మెదను తిప్పించింది నువ్వేనా? గుండె ఝల్లుమంది! మనుషుల మీదకు అంత కిందికి తెస్తారా?"

"అమ్మా!" అని కూతురు నాలుక కరుచుకుంది.

గుమాస్తా గారు లేచి కుర్చీ వేశారు. "తప్పేనమ్మా. ఫిర్యాదు రాసుకుంటాను, చెప్పండి."

ఆవిడ చెప్పింది. ఆయన రాశారు. రెండో పేజీకి వచ్చేసరికి ఫిర్యాదు మరిచిపోయి, చిన్నప్పుడు చెట్టెక్కి అన్నయ్యను ఏడిపించిన కథ అందుకుంది. ఆయన పెన్ను ఆపలేదు.

టైపిస్టు మూడో కాగితం అందించింది.