చీకటక్క వెనక్కి పంపిన సీసాలు

మందులు పరీక్షించే ఆ ల్యాబులో ఆమెను అందరూ చీకటక్క అనేవారు. కిటికీలకు నల్లకాగితం అంటించిన చివరి గదిలో, మసక పసుపు బల్బు కింద ఇరవై రెండేళ్లుగా ఆమె పని. ఒంట్లోకి చొరబడిన బూజును చంపే మందు ఆమె వంతుకు వచ్చింది. పసుప్పచ్చని పొడి. దానికి వెలుతురు పడదు, వేడి పడదు. నీళ్లలో కరగదు, ఉప్పునీళ్లు తగిలితే పలుకులు కట్టేస్తుంది. కరిగించే ద్రావకమేమో చర్మం మీద పడితే చాలు, మందును వెంటబెట్టుకుని లోపలికి ఇంకిపోతుంది. అందుకే చేతులకు రెండు జతల తొడుగులు వేసుకునేది.

"కొత్తకోడలికి కూడా ఇన్ని ముద్దుమురిపాలు ఉండవు వదినా," అనేవాడు ఆమె చెల్లెలి మొగుడు. అతను వడ్రంగి, నోరు ఊరుకోని మనిషి.

"మురిపాలు కాదయ్యా, భయం. బూజుతోపాటు రోగి మూత్రపిండాల్నీ తినేసే రకం ఇది."

ఆ ఏడాది అతని చెంప మొద్దుబారింది. షుగరు ఉన్న ఒళ్లు. ముక్కు వెనక పట్టిన బూజు కంటివైపు పాకుతోందని ఆసుపత్రిలో తేల్చారు. మందు మాత్రం అక్కడ నిండుకుంది. అదే వారం నూట ఇరవై సీసాలు పరీక్షకని చీకటక్క బల్ల మీదికి వచ్చాయి.

ఆరు సీసాలు తీసి, బూజు జాతికే చెందిన ఈస్టు పరిచిన గాజుపళ్లెంలో గుంటలు చేసి, మందు కరిగించి పోసింది. మందు బాగుంటే తెల్లారేసరికి గుంట చుట్టూ ఈస్టు చచ్చి, ఖాళీ వలయం కనిపించాలి. రెండు వలయాలు సగానికి సగం తగ్గాయి. మూడు అంతకన్నా చిన్నవి. ఒక గుంట చుట్టూ అసలేమీ లేదు. కళ్లు మోసం చేశాయేమోనని మళ్లీ కొలిచింది. సీసాలు వచ్చిన పెట్టెలోని ఉష్ణోగ్రత కాగితం తీసి చూస్తే, దారిలో పదకొండు గంటలు చల్లదనం లేదు.

ల్యాబు పెద్దాయన వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. "గంటగంటకీ ఫోన్లు వస్తున్నాయమ్మా. సగం బలమున్నా, లేనిదానికన్నా నయం కదా?"

"ఏ సీసాలో సగముందో, ఏ సీసాలో సున్నా ఉందో ఎవరు చెప్తారు సార్? డాక్టరుగారు మందు పడిందనే అనుకుంటారు. బూజు అనుకోదుగా."

"మీ మరిది కూడా అక్కడే ఉన్నాడట."

"ఉన్నాడండి," అని, పనికిరాదని రాసి సంతకం పెట్టింది.

మధ్యాహ్నం చెల్లెలు ఫోన్ చేసింది. "మందు నీ బల్ల మీదే ఉందంటగా అక్కా? ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయింది?"

"అది పాడైపోయిందే."

"పాడైంది మందు కాదులే," అని పెట్టేసింది.

మంచి సీసాలు వచ్చి, పరీక్ష నెగ్గి, ఆసుపత్రికి చేరేసరికి నాలుగు రోజులు పట్టింది. అప్పటికే అతని కన్ను తీసేశారు. ఆమె చూడటానికి వెళ్లినప్పుడు, సూది మందు ఎక్కుతుంటే మంచం కదిలేలా వణుకుతున్నాడు.

"చలి పుడుతుందన్నావు గానీ, పళ్లు రాలతాయని చెప్పలేదేం వదినా," అన్నాడు.

ఆమె దుప్పటి అంచులు గట్టిగా పట్టుకుని కూర్చుంది. చెల్లెలు గోడవైపు తిరిగి కూర్చుంది. తర్వాత మూత్రపిండాలు చేతులెత్తేశాయి. మందు మొదలుపెట్టిన పదకొండో రోజున అతను పోయాడు.

ఏడు నెలలు చెల్లెలు అక్క గుమ్మం తొక్కలేదు. ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి, నిలబడే అడిగింది.

"ఆ సీసాలే ఎక్కించి ఉంటే బతికేవాడా?"

"తెలియదే."

"బతికేవాడు కాదని చెప్పొచ్చుగా."

"తెలియనిది ఎలా చెప్పను?"

చెల్లెలు కుర్చీ లాక్కుని కూర్చుంది. చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత వస్తూ పోతూనే ఉంది గానీ, ఆ మాట మళ్లీ ఇద్దరూ ఎత్తలేదు. చీకటక్క ఇంకో నాలుగేళ్లు ఆ గదిలోనే పనిచేసింది. ఈ మధ్య నిద్ర సరిగా పట్టడం లేదని మాత్రం అంటోంది.