చీమలు పట్టిన పడుగు

రాష్ట్రం వచ్చిన కొత్తల్లో మా ఇంటికి రెండు వచ్చినయి. ఒకటి కోడలు, ఇంకొకటి ఫ్రిజ్. రెండూ భువనగిరి నుంచే. కోడలు కొత్తది, ఫ్రిజ్ పాతది (మా మరిది ఇల్లు మారుతూ వద్దనుకున్నది). నాకప్పుడు నలభై మూడేండ్లు. పడుచుతనం అంటే మీరు నవ్వుతరు గానీ, కొత్త వస్తువు ముందర మనిషి ఎప్పుడూ పడుచుదే. రోజుకు పదిసార్లు తలుపు తీసి, లోపల దీపం వెలిగిందో లేదో చూసి మూసేదాన్ని. అప్పటిదాకా మా ఇంట్లో కూర మిగిలితే పక్కింటికి పోయేది, పాలు మిగిలితే తోడు పడేవి. ఫ్రిజ్ వచ్చినంక దేన్నీ పోనిచ్చింది లేదు. చారెడు పప్పు, నలిగిన నాలుగు టమాటలు, పిండిన నిమ్మచెక్క, అన్నీ డబ్బాలెక్కి పై ఖానాలో రాళ్లలాగా గడ్డకట్టినయి.

మాది నేతపని చేసే ఇల్లు. మగ్గానికి ఎక్కించే ముందు నూలు పడుగును (నిలువు పోగులన్నమాట) వాడకట్టులో పొడుగ్గా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతం. అట్లయితేనే పోగు గట్టిపడుతుంది, నేసేటప్పుడు తెగదు. ఆ గంజికి ప్రతిసారి మంచి బియ్యం ఉడకబెట్టాలి. నాకొక ఉపాయం తట్టింది. రోజూ మిగిలే పిడికెడు అన్నం మెత్తగా ఉడికించి, మెదిపి, ఇంత పల్లినూనె కలిపి పై ఖానాలో దాస్తే, పడుగు రోజుకు గంజి తయారే కదా. మా ఆయన మెచ్చుకున్నడు (ఆయన మెచ్చుకోవడం అంటే ఏమీ అనకపోవడం).

చిక్కల్లా డబ్బాలతో వచ్చింది. అన్నీ ఒకే తీరు ఐస్‌క్రీమ్ డబ్బాలు. మా కోడలు బడిలో టీచరు, ప్రతి డబ్బాకు చీటీ అంటించి పేరు రాసింది. "చూసి తీసుకోండ్రి అత్తమ్మా" అన్నది. "సరే బిడ్డా" అన్న. ఇక్కడ మీకో మాట చెప్పాలె. నాకు చదువు రాదు. మా కొడుకు పెండ్లి మాటలప్పుడు మా అక్క ప్రేమకొద్దీ "మా చెల్లె అయిదు దాకా చదివింది" అన్నది, నేను తల వంచుకొని ఊకున్న. టీచరు కోడలి ముందర ఆ అయిదు మెట్లు దిగడం నా వల్ల కాలేదు. తెలిస్తే ఆ పిల్ల నన్ను ఎట్ల చూస్తదో అని ఒకటే గుబులు. అందుకే పొద్దున పేపర్ పట్టుకొని ఒక్కో పేజీ నిదానంగా తిప్పేదాన్ని (తొందరగా తిప్పితే అనుమానం వస్తది).

ఒక శనివారం కోడలు బడికి పోతూ, "అత్తమ్మా, మా అమ్మ పన్నెండింటి బస్సుకు వస్తాంది. సగ్గుబియ్యం పాశం డబ్బా తీసి జర వేడి చెయ్యుండ్రి. పేరు రాసే ఉన్నది" అన్నది (పాశం అంటే మీ పాయసమే). అదే సమయానికి బయట నుంచి మా ఆయన, "ఏమే, గంజి తీస్కరా, ఎండ ఎక్కుతాంది" అన్నడు.

రెండు డబ్బాలు తీసి ముందర పెట్టుకున్న. రెండూ తెల్లగనే ఉన్నయి, రెండూ రాళ్లే. వాసన చూస్తే ఐసు వాసన. నాలుకకు పెడదామంటే నాకు శనివారం ఒక్కపొద్దు. అప్పుడు నా బుర్రకు పదును పెట్టిన. గంజి అంటే చిన్న మాట, సగ్గుబియ్యం పాశం అంటే పెద్ద మాట. కాబట్టి పెద్ద చీటీ ఉన్నది పాశం, చిన్న చీటీ ఉన్నది గంజి. ఇంత సులువైన చదువుకు పిల్లలు పదేండ్లు బడికి ఎందుకు పోతరో అనుకున్న. కోడలు ఒకదానిమీద వట్టి 'పాశం' అనీ, ఇంకొకదానిమీద 'మామయ్య పడుగు గంజి' అనీ రాసిందని నాకేం తెలుసు.

చిన్న చీటీ డబ్బా కరగబెట్టి మా ఆయనకు ఇచ్చిన. "గుండ్లు గుండ్లుగ ఉన్నదేందే?" అన్నడు. "మెదిపి రాయి" అన్న. "వాసన గూడ కమ్మగున్నది." "కమ్మగుంటే తప్పా, దువ్వు."

వియ్యపురాలు వచ్చింది. పెద్ద చీటీ డబ్బాను వేడి చేసి, గిన్నెలో పోసి, పైన రెండు జీడిపప్పులు వేసి ఇచ్చిన. ఆమె ఒక గుక్క తాగి నా దిక్కు చూసింది. ఇంకో గుక్క తాగింది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"నాకు షుగరని మా బిడ్డకు గూడ చెప్పలే, నీకెట్ల తెలిసిందో. చక్కెర వెయ్యకుండ చేసినవ్. గింత ఫికర్ చేసే వియ్యపురాలు ఎవరికి దొరుకుతది వదినె."

నాకు ఏమీ అర్థం కాలేదు, అయినా పొగడ్త కాబట్టి తీసుకున్న. "ఇంకొంచెం పోస్తా?" అంటే ఆమె గిన్నె ముందుకు జరిపింది. (మా గంజిలో బియ్యమూ పల్లినూనే తప్ప ఇంకేమీ లేకపోవడం ఆమె అదృష్టం, నా అదృష్టం గూడ.)

అంతలో బయట గోల. పోయి చూస్తే పడుగు మీద చీమలు. ఒక్కో పోగు ఒక్కో బాట అయింది. ఎదురింటాయన నడుం మీద చేతులు పెట్టుకొని, "ఏందన్నా, పడుగుకు ప్రసాదం పెట్టినవా?" అంటున్నడు. సరిగ్గా అప్పుడే ఒంటిపూట బడి అయిపోయి కోడలు వచ్చింది. పోగును ముట్టుకొని, వేలు నాలుకకు పెట్టుకున్నది.

"గిది పాశం కదా అత్తమ్మా."

"అయితే నేను తాగింది ఏందే?" అన్నది వాకిట్లో నిలబడ్డ వాళ్లమ్మ, గిన్నె చేతిలో పట్టుకొనే.

"నా గంజి" అన్నడు మా ఆయన. గిన్నెలోకి తొంగిచూసి, "ఎంత తాగిన్రు చెల్లే?" అన్నడు, ఇంకా ఎంత మిగిలిందోనన్న ఫికర్‌తోని.

కోడలు నా దిక్కు తిరిగి, "చీటీ రాసిన కదా అత్తమ్మా" అన్నది.

"అద్దాలు పెట్టుకోలేదు బిడ్డా."

"మీకు అద్దాలే లేవు కదా."

వాడకట్టు అంతా చూస్తాంది. మా ఆయన, "ఆమెను అనకు, నేనే డబ్బా మార్చిన" అన్నడు. పాతికేండ్ల కాపురంలో ఆయన నాకోసం ఆడిన మొదటి అబద్ధం అది, అది గూడ సరిగ్గ రాలేదు. ఇగ నావల్ల కాలేదు. "నాకు చదువు రాదు బిడ్డా. అయిదు కాదు, ఒకటి గూడ చదవలే" అన్న.

కోడలు ఏమీ అనకముందే వియ్యపురాలు నవ్వింది. "నాకు మాత్రం వచ్చునా వదినె? నేను బస్సు ఎక్కేది రంగు చూసి. పోయిన నెల మీ ఊరికని ఎక్కి గుట్ట మీది గుడి కాడ దిగిన, దేవుడే పిలిచిండని దర్శనం చేసుకొని వచ్చిన."

కోడలు వాళ్లమ్మను చూసింది, నన్ను చూసింది. "ఇన్నేండ్లు బడిలో ఎవరి పిల్లలకో చెప్తున్న" అని మెల్లగా అన్నది. పడుగును మంచి నీళ్లతో కడిగి, మళ్లీ ఆరబెట్టి, మరునాడు కొత్త గంజి పెట్టినం. పోగు నిలిచింది.

ఆ రాత్రి నుంచే నా చదువు మొదలు. పలక ఏమీ లేదు, డబ్బాలే. వారానికి ఒక చీటీ. వియ్యపురాలికి ఫోన్‌లో పాఠం, ఇద్దరికీ పోటీ. పప్పు నాకు ముందు వచ్చింది, పచ్చడి ఆమెకు ముందు వచ్చింది. వానలు పడేనాటికి చీటీలు రాసే పని కోడలి చేతిలోంచి గుంజుకున్న. కారం రాసిన, చింతపండు రాసిన, ఐసుకు గూడ 'ఐసు' అని రాసిన.

ఒకనాడు కోడలు పై ఖానాలోంచి ఒక డబ్బా తీసి మూత తెరిచింది. లోపల ఏమీ లేదు. చీటీ మీద నా వంకర అక్షరాలతో 'ఖాలి డబ్బ' అని ఉన్నది.

"ఖాలీ డబ్బా ఎందుకు పెట్టిన్రు అత్తమ్మా?"

"రాయనీకి ఇంట్ల ఇంకేం మిగల్లేదు బిడ్డా."

ఆ పిల్ల దాన్ని బయట పెట్టలేదు, తప్పు గూడ దిద్దలేదు. మూత పెట్టి, చీటీ నా దిక్కు ఉండేటట్టు తిప్పి, మళ్లీ లోపలనే పెట్టింది. ఇప్పుడు ఇదంతా రాస్తుంటే ఆ రోజుల నన్ను తలుచుకొని నవ్వొస్తది. ఏమీ లేని డబ్బాను నెల రోజులు చల్లగ దాచుకొని, రోజూ తలుపు తీసి చదువుకున్న మనిషి ఆమె.