నల్లబావి మీదుగా గీసిన గీత

సంగారెడ్డి జిల్లా విడిగా ఏర్పడిన మరుసటి ఏడాది, ఏప్రిల్ మొదటి వారంలో, నన్ను పటాన్‌చెరు వైపున్న ఒక పురపాలక సంఘానికి టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజర్‌గా బదిలీ చేశారు. ఆ పురపాలక సంఘం పేరు రాయను. రాస్తే తప్పు దాని మీదికి పోతుంది. తప్పు నాది.

మా హోదా గురించి తెలియనివారికి కొంచెం చెప్పాలి. ఇళ్ల అనుమతుల దరఖాస్తులు పరిశీలించడం, రోడ్డు మీదికి జరిగిన గోడలు కొలవడం, పైవారు అడిగిన నక్షలు తయారుచేయడం సూపర్‌వైజర్ పని. మా పైన టౌన్ ప్లానింగ్ ఆఫీసరు, ఆ పైన కమిషనరు. ఆ ఏడాది ఆఫీసరు కుర్చీ ఖాళీగా ఉండటంతో నా కాగితం నేరుగా కమిషనరు గారి బల్ల మీదికే వెళ్లేది. అప్పట్లో దాన్ని గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

మా నాన్న కోస్తా జిల్లాల నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఫిట్టరుగా చేరి స్థిరపడ్డారు. నేను కంపెనీ క్వార్టర్లలో పుట్టి పెరిగాను. చుట్టుపక్కల ఊళ్లన్నీ బస్సు కిటికీలోంచి తెలుసు. దిగి పది నిమిషాలు కూర్చున్న ఊరు ఒక్కటీ లేదు. ముప్పై ఏళ్లు ఇక్కడి భూముల నక్షలు గీసినవాడు చెప్పుకోవలసిన మాట కాదిది.

మా సెక్షన్‌లో కంప్యూటర్ ఆపరేటరు ఖదీర్ భాయ్. నా వయసువాడే. ఆయన నా కంప్యూటర్‌లో ఒక ఆట ఎక్కించాడు. తుపాకులు పేల్చే ఆట కాదు. పచ్చీసులో లాగా ఇందులో వంతులుంటాయి, మన ఎత్తు అయ్యాక ఎదుటివాడి ఎత్తు. తెర మీద నేలంతా ఆరు మూలల గడులుగా ఉంటుంది. ఒక గడిలో నగరం కట్టుకుని దాని చుట్టూ ఒక్కో గడినీ కలుపుకుంటూ పోవాలి. కొన్ని గడుల్లో పంట ఉంటుంది, కొన్నింట్లో ఇనుము, కొన్ని వట్టివి. కొత్తగా కలిపే గడి మన హద్దుకు ఆనుకుని ఉండి తీరాలి. దూరంలో ఇనుము కనిపిస్తే మధ్యలో ఉన్న వట్టి గడిని ముందు కలుపుకుని, దాని మీదుగా ఇనుము దగ్గరికి చేరాలి. ఆలస్యం చేస్తే ఎదుటి నగరం ఎగరేసుకుపోతుంది.

మొదట భోజనం వేళ అరగంట ఆడేవాణ్ణి. నెల తిరిగేసరికి మధ్యాహ్నాలన్నీ దానికే పోయాయి. తలుపు వైపు వీపు లేకుండా బల్ల జరిపించుకున్నాను. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి వ్యవహారమే, ఆఫీసులో అందరికీ తెలుసు.

మే నెలలో కమిషనరు గారు పిలిచి, పట్టణ పరిధి పెంచే ప్రతిపాదన తయారుచేయమన్నారు. ఉత్తరాన రోడ్డవతల ఉన్న ఫ్యాక్టరీ షెడ్లను పరిధిలోకి తేవడం అసలు ఉద్దేశం. ఈ పనికి ఒక పద్ధతి ఉంది. కలపబోయే ప్రాంతం పాత హద్దుకు ఆనుకుని ఉండాలి. సూపర్‌వైజరు స్వయంగా వెళ్లి చూసి, అక్కడివారు దేని మీద బతుకుతున్నారో స్థల పరిశీలన నివేదికలో రాయాలి. సర్వే నంబర్లతో హద్దుల పట్టిక జతచేయాలి. తర్వాత ముసాయిదా ప్రకటన వస్తుంది, ప్రజల అభ్యంతరాలు వింటారు, ఆపైన తుది ఉత్తర్వు.

షెడ్లు మా హద్దుకు ఆనుకుని లేవు. చేరడానికి దారులు రెండు. తూర్పున గుట్టరాళ్ల నేల, మనుషులు లేరు. కానీ అక్కడ సర్వే నంబర్లు ముక్కచెక్కలై ఉన్నాయి. మండల సర్వేయరును వెంటబెట్టుకుని వారం రోజులు ఎండలో గొలుసు లాగాలి. రెండోది నల్లబావి మీదుగా. నల్లబావి చిన్న ఊరు, పంచాయతీ లెక్కలో పక్క పెద్దూరికి శివారు. దాని మీదుగా అయితే నిండు సర్వే నంబర్లే. కుర్చీలోంచి లేవకుండా ఒకే గీతలో పని ముగుస్తుంది.

నక్ష ముందేసుకుని నేను ఖదీర్ భాయ్‌తో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "ఇది వట్టి గడి భాయ్, కలిపేద్దాం" అన్నాను. ఆయన నవ్వలేదు. "సాబ్, ఊరు గదా అది. బండి తీస్త, జల్దీ పోయి సూసొద్దాం" అన్నాడు. గురువారం మధ్యాహ్నం వెళ్దామన్నాను.

గురువారం మధ్యాహ్నం నా నగరం ఇనుము గడికి ఒక్క ఎత్తు దూరంలో ఉంది. ఖదీర్ భాయ్ బండి తాళాలు పట్టుకుని రెండుసార్లు వచ్చి నిలబడ్డాడు. ఎండ తగ్గనీ అన్నాను. సాయంత్రానికి ఇనుము దక్కింది. సిగ్గు లేకుండా అదీ చెబుతున్నాను, ఆ సాయంత్రం నాకు సంతోషంగా ఉండింది.

మర్నాడు పొద్దున నివేదిక రాశాను. అంతకుముందు పనిచేసిన చోట వేరే ఊరికి రాసిన పాత నివేదిక తీసి, ఊరి పేరు, సర్వే నంబర్లు మార్చాను. "స్థల పరిశీలన చేయడమైనది. నివాసులు ప్రధానంగా పరిసర కర్మాగారాలలో ఉపాధి పొందుచున్నారు. వ్యవసాయ కూలీ పనులపై ఆధారపడినవారు స్వల్పము." ఆ పాత ఊళ్లో అది నిజమే. నల్లబావిలో ఏది నిజమో నాకు తెలియదు. కింద గురువారం తేదీ వేసి సంతకం చేశాను.

ముసాయిదా ప్రకటన వచ్చిన పది రోజులకు పోచమ్మ అనే ఆవిడ మా ఆఫీసుకు వచ్చింది. యాభై దాటి ఉంటాయి. నల్లబావి తరఫున అభ్యంతర పత్రం తెచ్చింది, కింద ఊరివాళ్ల వేలిముద్రలు. పాలిథీన్ కవర్లో తన ఉపాధి హామీ జాబ్ కార్డు కూడా తెచ్చింది. ఉపాధి హామీ పని గ్రామాలకే ఉంటుంది, ఊరు పట్టణంలో కలిసిన రోజున ఆగిపోతుంది. ఈ సంగతి నాకు తెలుసు. నివేదిక రాసేటప్పుడు మాత్రం తలపుకు రాలేదు.

"సారూ, మా ఊరు పట్నంల కలుస్తే చెరువు పని బందయితదట. నిజమేనా?" అని అడిగింది. నిజమేనన్నాను. ఫ్యాక్టరీలు దగ్గరే కదా అని కూడా అన్నాను.

"గేటు కాడికి పోతే లోకలోళ్లు వద్దంటరు సారు. బీహారోళ్లను, ఒడిశోళ్లను పెట్టుకుంటున్రు. మేం ఫ్యాక్టరీల పని జేస్తున్నమని కాయితంల రాసిన్రట, మా పంచాయతి సెక్రటరీ సదివి చెప్పిండు. మా ఊర్ల గట్ల పోయేటోడు ఎవడున్నడో ఒక్కని పేరు చెప్పున్రి."

పరిశీలనలో తెలిసిందే రాశారమ్మా అన్నాను, రాసింది మరెవరో అయినట్టు. ఆవిడ గొంతు పెంచలేదు.

"ఏ దినం వచ్చిన్రు సారు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ఫైలు తెరిచి తేదీ వెతికాను. ఆ తేదీ చెప్పి, గురువారం మధ్యాహ్నం అన్నాను.

"గురువారమా? ఎండలకు పని పొద్దుగాలనే అయిపోతది గద. గురువారం గురువారం మజ్జాన్నం పని సూసే మేటు హాజరు పుస్తకం వట్టుకొని రచ్చకాడ కూసుంటడు. ఊరంత ఆడనే ఉంటిమి." కాసేపు ఆలోచించి తనే అంది: "మాటల్లవడి మేమే సూసుకోలేదేమో సారు. తెల్వక నీళ్లు గిట్ల ఇయ్యలే, ఏమనుకోకున్రి."

ఆవిడ నన్ను అనుమానించి ఉంటే కోపం తెచ్చుకునేవాణ్ణి. అనుమానించలేదు. సంతకం పెట్టిన ఆఫీసరు అబద్ధం ఆడడని నమ్మి, తప్పు తన మీద వేసుకుంది. నేను పత్రం తీసుకుని ముద్ర వేసి రశీదు ఇచ్చాను. గదిలో అవతలి బల్ల దగ్గర ఖదీర్ భాయ్ తెర వంక చూస్తూ కూర్చున్నాడు.

అభ్యంతరాల విచారణ నాడు కమిషనరు గారు పోచమ్మ పత్రాన్ని పక్కన పడేయలేదు. ఆయన మంచి అధికారి. రెండుసార్లు చదివి, "ఈమె చెప్పేదానికీ మీ నివేదికకూ పొంతన లేదు. మీరు స్వయంగా వెళ్లి చూశారు కదా?" అని నన్ను అడిగారు. పోచమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. తూర్పు దారి ఇంకా ఉంది. చూడలేదు సార్ అంటే ఫైలు వెనక్కి వచ్చేది, గీత మారేది, ఆ ఊరి పని ఉండేది. రెండు మాటలు చాలు.

"చూశాను సార్" అన్నాను.

తర్వాత నా చేతితోనే వ్యాఖ్య రాశాను: "క్షేత్ర పరిశీలన దృష్ట్యా అభ్యంతరము పరిగణింపదగినది కాదు." నల్లబావి పట్టణంలో కలిసింది. చెరువు పని సగంలో ఆగింది. వీధి దీపాలు వేశారు, ఇంటి నంబర్లు మార్చారు. నంబరు పలకలు సరిచూడటానికి నేను మొదటిసారి ఆ ఊళ్లో అడుగుపెట్టాను. ఇరవై నిమిషాలు తిరిగితే ఊరంతా అయిపోయింది. ఏ ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారో తెలుసుకోవడానికి ఆ ఇరవై నిమిషాలే పట్టేది. ఫ్యాక్టరీకి పోయే మనిషి ఒక్కరూ కనిపించలేదు.

ఆట తీసేయమని ఖదీర్ భాయ్‌కి చెప్పాను. తీసేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అది, పైగా కాలినవి నా చేతులు కావు. ఆయన ఆ తర్వాత నాతో మర్యాదగానే ఉన్నాడు, కానీ బండి తీస్తానని ఎప్పుడూ అనలేదు.

ఆ శీతాకాలం ఒక పొద్దున ఆఫీసుకు వెళుతూ జాతీయ రహదారి మీది కూలీల అడ్డా దగ్గర పోచమ్మను చూశాను. మేస్త్రీలు వచ్చి వయసులో ఉన్నవాళ్లను ఏరుకుని ఆటోల్లో ఎక్కించుకుపోతున్నారు. ఆవిడ ఇంకో ఇద్దరు ముసలివాళ్లతో సద్దిగిన్నె ఒళ్లో పెట్టుకుని మిగిలిపోయి ఉంది. సిగ్నల్ పడి నా బండి ఆవిడకు నాలుగు గజాల దూరంలో ఆగింది. నన్ను గుర్తుపట్టి లేవబోయింది. నేను హెల్మెట్ అద్దం దించుకున్నాను. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన అతి నీచమైన పని ఏదంటే, అబద్ధపు నివేదిక కన్నా ముందు ఆ అద్దమే చెబుతాను.

రిటైరైన రోజున నా సర్వీసు రిజిస్టరులో ఒక్క రిమార్కు కూడా లేదని వేదిక మీద చదివారు. నిజమే, లేదు. చూడని దాన్ని చూశానని రాసిన వాక్యాన్ని మా వ్యవస్థలో ఎవరూ తనిఖీ చేయరు. దాన్ని తనిఖీ చేయడానికి జీతమిచ్చి పెట్టుకున్న మనిషి ఆ వాక్యం రాసినవాడే.

సెక్షన్‌లో ఇప్పుడు పనిచేసేవాళ్లు అప్పుడప్పుడు సలహాకు ఫోన్ చేస్తారు. వాళ్లకు ఒకటే చెబుతాను. వెళ్లకపోతే వెళ్లలేదని రాయండి. ఫైలు వెనక్కి వస్తుంది, కమిషనరు ఒక మెమో ఇస్తారు, మూడు రోజుల్లో సంజాయిషీ రాస్తే అది అక్కడితో పోతుంది. నేను ఒక ఊరి పనిని ఇచ్చి తప్పించుకున్నది ఆ మెమోనే.