ఎండలో చూసిన మానిటర్

పోయిన ఆదివారం మా మేనకోడలు ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు బస్సులో ఒక పెద్ద మానిటర్‌ను ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. దెబ్బ తగలకుండా దాన్ని పాత నూలు చీరలో చుట్టింది. "కొత్తది కొంటాండా అత్తా. దీన్ని అమ్మబుద్ధి కాలేదు, పారేయబుద్ధీ కాలేదు. నీ దగ్గర పెట్టుకో" అంది. బడిపంతులమ్మగా రిటైరై, కంప్యూటరే లేని ఇంట్లో ఒక్కదాన్నే ఉండే నేను దాంతో ఏం చేసుకోవాలో ఆమె చెప్పలేదు. బీరువా పక్కన గోడకు ఆనించాను. దాన్ని ఎంపిక చేసింది ఆమె నాయన, మా తమ్ముడు. వాడు పోయి ఏడాదయింది.

మా తమ్ముడికి ప్రొద్దుటూరులో మ్యాచింగ్ అంగడి ఉండేది. ఆడవాళ్ళు చీర తెచ్చి పరిస్తే దానికి సరిపోయే రవికె గుడ్డ తీసివ్వడం వాడి పని. వాడి లెక్కలో ఎరుపు అనే రంగు లేదు. మిరపపండు ఎరుపు ఉంది, దానిమ్మ గింజ ఎరుపు ఉంది, కాలిన ఇటుక ఎరుపు ఉంది. ఊరికే ఎరుపు అంటే మాత్రం "ఏ ఎరుపు మా?" అని గుమాస్తా మాదిరి అడిగేవాడు. ట్యూబులైటు వెలుతురును అసలు నమ్మడు. చీర కొంగు, రవికె గుడ్డ రెండూ పట్టుకుని అంగడి మెట్లు దిగి, నడివీధిలో ఎండకు పట్టి చూపిస్తేగానీ కత్తెర ముట్టడు. "లైటు అబద్ధం చెప్తాది మా, ఎండ చెప్పదు" అనేవాడు. తోబుట్టువునైన నాకు తాన్ల చివర మిగిలిపోయిన ముక్కలే ఇచ్చేవాడు గానీ, వాటిని కూడా ఎండలో చూపించే ఇచ్చేవాడు. అంత నిజాయితీపరుడు.

మా మరదలు తొందరగా పోవడంతో వాడి కూతురు ఆ గుడ్డల మధ్యే పెరిగింది. డిగ్రీ అయినాక కంప్యూటర్ ఆటల్లో పడింది. ఆట అంటే కాలక్షేపం అనుకున్నాను నేను. కాదట, జట్లున్నాయి, పోటీలున్నాయి. ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో ఉన్న ఒక జట్టు ఈమె ఆట చూసి, మూణ్ణెల్లు ఆడించి చూస్తాం, నిలబడితే ఉంచుకుంటాం అంది. ఆ పిల్ల ముఖం అంత వెలగడం నేను అంతకుముందు చూడలేదు. అయితే తన పాత మానిటర్ పనికిరాదు, వేగంగా బొమ్మ మారేది కావాలి. "నిదానంగా మారే దాంట్లో ఎదుటోడు మనకు కనపడేలోపలే మనల్ని కాల్చేసింటాడు అత్తా" అని నాకు పాఠం చెప్పింది. తను చిన్న చిన్న పోటీల్లో గెలుచుకున్న డబ్బే ఉంది. మా తమ్ముడు మాత్రం "దుడ్లు నీవే పెట్టుకో పాపా. కన్ను నాది" అని చొక్కా వేసుకుని బయలుదేరాడు. ఆ రోజు ప్రొద్దుటూరులోనే ఉన్నాను గనక నేనూ వెంటపడ్డాను.

కంప్యూటర్ల అంగడాయన రెండు మానిటర్లు పక్కపక్కన పెట్టి ఆట నడిపించాడు. ఒకటి చిన్నది, రంగులు కాస్త వెలవెలపోయినట్టున్నా వేగం ఎక్కువ. మా పిల్ల కళ్ళన్నీ దానిమీదే. ఇంకోటి పెద్దది, రంగులు బాగుంటాయి గానీ నిదానం. "ఆటకయితే చిన్నదే మామా" అన్నాడు అంగడాయన. మా తమ్ముడు రెంటి ముందూ కాసేపు నిలబడి, "ఈ లైట్లల్లో ఏం తెలుస్తాది అప్పా? ఎండలోకి తీసుకురా" అన్నాడు. ఆయన నవ్వాడు. వాడు నవ్వకపోయేసరికి, పొడుగు వైరు తగిలించి పెద్ద మానిటర్‌ను గడప బయట స్టూలు మీద పెట్టాడు. వైరు చాలక ప్లగ్గు ఊడిపోయింది. తెర నల్లగా అయిపోయి అందులో మా ముఖాలు, వెనక పోతున్న ఆటో కనిపించాయి. ఆయన ప్లగ్గు పెట్టడానికి లోపలికి తిరిగేలోపల, మా తమ్ముడు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంగి, ఆ పక్క నుంచీ ఈ పక్క నుంచీ చూసి, "ఇదీ రంగంటే. ఆ ఎరుపు చూడు పాపా, యాడన్నా వెలిసినట్టుందా? ఇదే తీసుకో" అన్నాడు.

అంగడాయన ప్లగ్గు చేతిలో పట్టుకుని అట్లే నిలబడిపోయాడు. నేను నోరు తెరవబోయాను. మా మేనకోడలు నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "అవు నాయనా, శానా బాగుంది. ఇదే తీసుకుందాం" అంది.

సరుకు చూసొస్తానని వాడు నెలనెలా పులివెందులకు పోయేది కంటి డాక్టరు దగ్గరికని తర్వాత తెలిసింది. చక్కెర జబ్బు కళ్ళకు పాకింది. ప్రొద్దుటూరులో చూపించుకుంటే అంగళ్ళ వీధంతా తెలిసిపోతుందని భయం. రంగు కనపడని వాడి దగ్గరికి చీర ఎవరు తెస్తారు?

మూణ్ణెల్లు కాకముందే, ఆ నిదానం తెరతో వెనకబడిపోతోందని జట్టువాళ్ళు మా పిల్లను వద్దనేశారు. "నాకే విసుగు పుట్టింది నాయనా" అని చెప్పి తను అంగట్లో కూర్చుంది. గుడ్డ తను తీసేది, ఎండలోకి వాడు మోసేవాడు. ఆదివారాలు ఆ పెద్ద మానిటర్ ముందు ఇద్దరూ కూర్చునేవాళ్ళు. ఆమె ఆడుతూ, "ఇప్పుడొక కొండొచ్చింది నాయనా, పండిన చింతకాయ తొక్క రంగు" అనేది. "దానికి మామిడాకు పచ్చ రవికె ఇయ్యి" అనేవాడు వాడు. ఇద్దరూ నవ్వేవాళ్ళు. నేనక్కడున్న రోజుల్లో, నవ్వలేక వంటింట్లోకి పోయేదాన్ని.

చివరి రోజుల్లో వాడు మా ఇంటికొచ్చి వారం ఉన్నాడు. ఒక మధ్యాన్నం ఉన్నట్టుండి, "అక్కా, ఆ పొద్దు ఆ మానిటర్లో కరెంటు లేదు గదా?" అన్నాడు. "పాప ఎప్పుడన్నా నాతో వాదించకుండా ఒప్పుకునిందా? శానా బాగుంది అనంగానే తెలిసిపాయ. చిన్నదే తీసుకో అని అప్పుడే అనాల్సింది. అంటే నా కన్ను పోయిందని ఒప్పుకున్నట్టయితాది. అనలేకపోతి. ఆయమ్మి ఆట నేనే చెడగొడితి" అన్నాడు. నా చెయ్యి తడిమి పట్టుకుని, "పాపకు చెప్పొద్దు" అన్నాడు.

పోయిన ఆదివారం కాఫీ తాగి, బస్సుకు లేవబోతూ మా మేనకోడలు ఆ మానిటర్ వైపు చూసింది. "అత్తా, ఆ పొద్దు ప్లగ్గు ఊడిందని నాయనకు తెలిసిందంటావా?" అని అడిగింది. చెబితే, నాయన తెలిసి కూడా ఊరుకున్నాడన్న మాటను ఆ పిల్ల బతికినన్నాళ్ళూ మోయాలి. "ఏమీ తెలీదు. మంచిది ఏరిచ్చినాననే అనుకుంటూ పోయినాడు" అన్నాను. ఆమె తల ఊపింది. కళ్ళు తుడుచుకుని, "అట్లయితే చాలు అత్తా" అంది.

ఆమె పోయాక కిటికీలోంచి ఎండ వచ్చి ఆ నల్లటి తెరమీద పడింది. దాంట్లో నేనొక్కదాన్నే కనిపించాను. కాలం గడిచేకొద్దీ అన్నీ బయటపడతాయని ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పినదాన్ని. మా ఇంట్లో మాత్రం ఆ కాలం, కూతురు తండ్రి కోసం ఆడిన అబద్ధాన్ని, తండ్రి కూతురి కోసం దాచిన నిజాన్ని తెచ్చి, రెంటినీ నా దగ్గరే పెట్టి పోయింది.