సరళ గంట పట్టుకుని బయలుదేరిన పొద్దు

సరళ ఫోనులో ఏడవలేదు గానీ, ఏడ్చినంత పని చేసింది. టీచర్ ట్రైనింగ్‌లో మేమిద్దరం ఒకే బెంచీ. ఇప్పుడు తను కాజీపేట దారిలో ఒక చిన్న ఊళ్లో సర్కారు ప్రాథమిక పాఠశాల నడుపుతోంది. కిందటేడు ఒకటో తరగతిలో ఒక్కరూ చేరలేదట. ఈసారీ అంతే అయితే బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తారని తన భయం. బడులు తెరిచారు కదా, ఇల్లిల్లూ తిరిగి పిల్లలను అడుగుదాం, తోడు రమ్మంది. మొన్నమొన్నటి దాకా తిరుమలగిరిలో ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పిన నన్ను ఈ పనికి పిలవడానికి ధైర్యం ఉండాలి.

మల్కాజ్‌గిరిలో మొదటి బస్సెక్కి సికింద్రాబాద్ స్టేషన్ చేరాను. ఏడున్నరకు కదలాల్సిన ప్యాసింజర్ ఎనిమిదికి కదిలింది. వెళ్లేవాళ్లు టిఫిన్ కట్టుకోండి, దారిలో చాయ్ తప్ప ఏమీ రాదు. ఎదురుగా ఒక పెద్దాయన, బోయిన్‌పల్లి మార్కెట్లో బీరకాయలు దింపేసి, ఖాళీ గోనె సంచులు ఒళ్లో పెట్టుకుని ఇంటికి పోతున్నాడు. నేనెందుకు వెళ్తున్నానో చెప్పాను. ఆయన మనవరాలు ప్రైవేటు బడికే పోతోందట.

“సర్కారు బడి ఖరాబని కాదమ్మా,” అన్నాడు. “పొద్దుగాల కొడుకు, కోడలు చేనుకు పోతరు. పోరిని రోడ్డు దాటిచ్చేదెవరు? వ్యాన్ అయితే ఇంటి ముంగటికే వస్తది.”

సరళ స్కూటీతో స్టేషన్‌కు వచ్చింది. పగలంతా వీధులు తిరిగాం. ప్రతి గడపలోనూ అదే పాఠం: మా ఐదో తరగతి పిల్లలకు గురుకులంలో సీట్లొచ్చాయి, మధ్యాహ్నం అన్నంలో గుడ్డు పెడతాం. జనం మంచినీళ్లిచ్చారు, చాయ్ ఇచ్చారు, పిల్లలను మాత్రం ఇవ్వలేదు. మల్లవ్వ అనే నాయనమ్మ అయితే ఒకటో తరగతి ఈడు మనవరాలు శ్రావణిని కొంగు వెనక దాచేసింది.

సాయంత్రం సరళ తన ఇంటి గుమ్మంలో కూలబడింది. రైల్లో పెద్దాయన అన్నది అప్పుడు చెప్పాను.

“ఇన్నేండ్లు మా బడి ఎట్లుంటదో చెప్పుకుంట తిరిగిన,” అంది సరళ. “బడికి ఎట్ల రావాలెనో ఒక్కసారి సుత ఆలోచించలే.”

మర్నాడు పొద్దున బడి చేతిగంట పట్టుకుని ఊరి చివరి నుంచి షురూ చేసింది. గంట విని పై తరగతుల పిల్లలు ఒక్కో ఇంటి నుంచి వచ్చి చేతులు పట్టుకున్నారు. సంచీ భుజాన వేసుకుని వెనక నేను. రోడ్డు దగ్గర గంట ఎత్తి లారీనే ఆపేసింది. ఈవలి పక్క తన గుమ్మంలోంచి మల్లవ్వ ఇదంతా చూస్తోంది.

“రోజూ వస్తవా టీచరమ్మా, ఇయ్యాల్టికేనా?”

“రోజూ వస్త. సాయంత్రం నేనే తోలుకొస్త.”

మల్లవ్వ లోపలికి పోయింది. మేం ఆగాం. శ్రావణికి ముఖం కడిగి, తల దువ్వి తీసుకొచ్చి, ఆ పిల్ల చేయి సరళకు అందించింది.

నన్ను స్టేషన్‌లో దింపుతానని రాత్రే మాటిచ్చిన మనిషి, ఒక చేత్తో శ్రావణిని, ఇంకో చేత్తో గంటను పట్టుకుని, ఆటో చూసుకోమన్నట్టు గడ్డంతో రోడ్డు చూపించింది. కోపం రావాలి. రాలేదు, సంతోషమేసింది.

తిరుగు రైల్లో సీటు దొరక్క తలుపు పక్కన నిలబడి వచ్చాను. ఒక్క పిల్లతో బడి నిలుస్తుందో లేదో నాకు తెలియదు. ఈ పాటికి సరళ హాజరు వేస్తూ ఉంటుంది. ఒకటో తరగతిలో పేరు పిలిస్తే పలికేందుకు ఈ ఏడు ఒక గొంతు ఉంది.